సహకారం, శుద్ధి, పూచీ: అణు ఒప్పందాల తెలుగు పరిభాషపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

దేశాల మధ్య అణు ఇంధనం, రియాక్టర్లు, పరిజ్ఞానం ఇచ్చిపుచ్చుకోవడాన్ని తెలుగులో ‘అణు సహకారం’ అంటున్నారు. ఇందుకు సంబంధించిన ఒప్పందాలలో ప్రతి మాటకూ చట్టపరమైన బరువు ఉంటుంది. ఆ మాటలు వార్తల ద్వారా, పాఠ్యగ్రంథాల ద్వారా తెలుగులోకి వచ్చినప్పుడు ఆ బరువు ఎక్కడ నిలిచింది, ఎక్కడ జారిపోయింది అన్నది ఈ వ్యాసం విమర్శకు తీసుకున్న విషయం. తారాపూర్ ఇంధన వివాదం, 2008 నాటి భారత-అమెరికా ఒప్పందం, హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ ప్రతిపాదన ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: అణు సహకారం, పారిభాషిక పదాలు, అనువాదం, యురేనియం శుద్ధి, తారాపూర్, కొవ్వాడ, పూచీ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో శాస్త్ర పరిభాష గురించి జరిగిన చర్చ చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. సంస్కృత పదం కూర్చాలా, దేశ్య పదం వెతకాలా, ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాసుకోవాలా అన్నదే ఆ ప్రశ్న. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదకోశాలు వెలువరించిన కాలం నుంచి తరగతి గదిలో ఈ ప్రశ్నకు ఏదో ఒక సమాధానం దొరికింది. కాని కొన్ని మాటలు తరగతి గదిలో ఆగవు. అవి ఒప్పందాలలో, చట్టాలలో, భూసేకరణ నోటీసులలో తిరుగుతాయి. అక్కడ మాట పొరపాటైతే విద్యార్థికి మార్కులు తగ్గడంతో విషయం ముగియదు. ఒక హక్కు ఎవరికి ఉందో, ఒక నష్టం ఎవరి మీద పడుతుందో పాఠకునికి అర్థం కాకుండా పోతుంది.

అణుశక్తి రంగం ఇలాంటిదే. ఇక్కడ విజ్ఞానశాస్త్రాన్నీ దౌత్యాన్నీ విడదీయడం కష్టం. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో పనిచేయడం మొదలుపెట్టిన అప్సర రియాక్టరును భారతీయులే నిర్మించారు, దాని ఇంధనం మాత్రం బ్రిటన్ నుంచి వచ్చింది. 1960లో మొదలైన సైరస్ రియాక్టరు కెనడా సహాయంతో కట్టినది, అందులో వాడిన భారజలం అమెరికాది. అంటే ఈ రంగంలో మొదటి అడుగు నుంచీ సరిహద్దు దాటి వచ్చిన వస్తువుంది, ఆ వస్తువుతో పాటు వచ్చిన షరతుంది. వస్తువుకు తెలుగు పేరు పెట్టడంలో చూపిన శ్రద్ధ షరతుకు పేరు పెట్టడంలో కనిపించదు.

2. ‘అణు’ అనే మాట

మొదట అందరికీ తోచే అభ్యంతరాన్ని తీర్చుకోవాలి. పాఠ్యపుస్తకాల ప్రకారం పరమాణువు వేరు, అణువు వేరు. హైడ్రోజన్ పరమాణువులు రెండు, ఆక్సిజన్ పరమాణువు ఒకటి కలిస్తే నీటి అణువు. రియాక్టరులో చీలేది అణువు కాదు. పరమాణువు మధ్యనున్న కేంద్రకం చీలుతుంది. భౌతికశాస్త్ర పుస్తకం దీనిని ‘కేంద్రక విచ్ఛిత్తి’ అని సరిగానే చెబుతుంది. అదే విద్యార్థి సాంఘికశాస్త్రం తెరిస్తే అక్కడ ‘అణుశక్తి’, ‘అణుబాంబు’ ఉంటాయి. వైశేషికుల పరిభాషలో పరమాణువు విభజనకు లొంగనిది. కాబట్టి ‘పరమాణు విచ్ఛిత్తి’ అన్నా శాస్త్రజ్ఞుడు ఒప్పుకున్నంత సులువుగా కణాదుడు ఒప్పుకోడు.

అయినా ఈ మాటను మార్చనక్కర లేదు. ‘అణుశక్తి’ ఒక్క తెలుగులోనే పుట్టిన పొరపాటు కాదు, ముంబైలో అణుశక్తి విభాగం ఉద్యోగుల కాలనీ పేరు కూడా అణుశక్తినగర్. పైగా ఈ మాట వల్ల ఎవరికీ ఏ హక్కూ చేజారడం లేదు. పరిభాషా విమర్శ తన కోపాన్ని ఇలాంటి చోట ఖర్చు చేసుకోకుండా దాచుకోవడం మంచిది.

3. సహకారం ఎవరితో, ఏ షరతు మీద

‘సహకారం’ తెలుగువారికి బాగా అలవాటైన మాట. చేనేత సహకార సంఘం, సహకార చక్కెర కర్మాగారం, ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం, ఇవన్నీ ఆ మాటకు ఒక నిర్దిష్టమైన అర్థాన్ని ఇచ్చాయి. సభ్యుడైన ప్రతివాడికీ ఒక ఓటు, నష్టంలోనూ లాభంలోనూ పాలు. ఆచరణలో ఈ సంఘాలు ఎంత చెడినా ఆ మాటలోని సమానత చెడలేదు. 1953 డిసెంబరు 8న ఐక్యరాజ్యసమితిలో ఐసెన్‌హోవర్ శాంతి కోసం అణుశక్తి అన్న ప్రతిపాదన చేసిన తరువాత దేశాల మధ్య కుదిరిన ఒప్పందాలకు మనం ఈ మాటనే అంటించాము. దీని ఫలితం తారాపూర్ చరిత్రలో చూడవచ్చు.

1963లో భారత్, అమెరికా మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం తారాపూర్‌లో కట్టబోయే రెండు రియాక్టర్లకు 30 ఏళ్లపాటు ఇంధనం అమెరికా ఇవ్వాలి. ఆ రియాక్టర్లలో అమెరికా ఇచ్చిన ఇంధనమే వాడతామని భారత్ అంగీకరించింది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కట్టిన ఆ కేంద్రం 1969లో విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టింది. 1974 మే 18న పోఖ్రాన్ పరీక్ష జరిగింది. అందులో వాడిన ప్లుటోనియం సైరస్ నుంచి వచ్చింది. కెనడా తన సహకారాన్ని నిలిపివేసి, 1976లో పూర్తిగా తెంచుకుంది. రాజస్థాన్‌లో కెనడా సహాయంతో మొదలైన రెండవ రియాక్టరును భారతీయ ఇంజనీర్లు సొంతంగా పూర్తి చేయవలసి వచ్చింది. అమెరికా 1978లో ఒక కొత్త చట్టం చేసి, తమ అణు కేంద్రాలన్నిటినీ అంతర్జాతీయ తనిఖీకి తెరవని దేశాలకు ఇంధనం ఇవ్వరాదని నిర్ణయించింది. 30 ఏళ్ల హామీ 15 ఏళ్లు గడిచేసరికే అమెరికా దేశీయ చట్టానికి లోబడిపోయింది.

తరువాతి కథ మరీ విచిత్రమైనది. 1982లో కుదిరిన ఏర్పాటుతో అమెరికా స్థానంలో ఫ్రాన్స్ వచ్చింది. 1993లో ఒప్పందం గడువు తీరాక ఫ్రాన్స్ కూడా తప్పుకుంది. తరువాత చైనా, ఆ తరువాత రష్యా ఆ రియాక్టర్లకు ఇంధనం ఇచ్చాయి. ఒకే రియాక్టరుకు ప్రపంచంలోని ఇన్ని రాజధానుల నుంచి అనుమతి రావలసిన ఈ స్థితిని ‘సహకారం’ అన్న మాట ఎంతమాత్రం సూచించదు. ‘సరఫరా ఒడంబడిక’ అని ఉంటే పాఠకుడు వెంటనే అడిగేవాడు, సరఫరా ఆగిపోతే ఏమిటి అని. సహకారం అన్నప్పుడు ఆ ప్రశ్న అమర్యాదగా తోస్తుంది.

ఆ ప్రశ్నను భారత దౌత్యవేత్తలు మరచిపోలేదు. 2008 అక్టోబరు 10న సంతకాలైన భారత-అమెరికా ఒప్పందం 5వ అధికరణంలో ఇంధన సరఫరా హామీలు, వ్యూహాత్మక నిల్వ, సరఫరాకు ఆటంకం వస్తే రష్యా, ఫ్రాన్స్, బ్రిటన్ వంటి మిత్రదేశాలను సమావేశపరచే ఏర్పాటు ఉన్నాయి. అవి తారాపూర్ అనుభవం రాయించిన వాక్యాలు. ఒప్పందం పేరులో సహకారం ఉంది, దాని లోపలి వాక్యాలలో అనుమానం ఉంది. తెలుగులో ఎక్కువగా ప్రచారమైనది పేరు మాత్రమే.

సరఫరా చేసే దేశాల కూటమి ఎన్ఎస్‌జీ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1974 పరీక్షకు ప్రతిస్పందనగా పుట్టిన ఈ కూటమి 2008 సెప్టెంబరు 6న భారత్‌కు మినహాయింపు ఇచ్చింది. ఏకాభిప్రాయంతో నడిచే కూటమి ఇది, ఒక్క సభ్యదేశం అడ్డుపడినా నిర్ణయం ఆగుతుంది. కొనే దేశానికి అందులో ఓటు లేదు. సహకార సంఘం అనే భావనకు ఇంతకన్నా దూరమైన నిర్మాణాన్ని ఊహించడం కష్టం.

ఈ సంబంధంలో భారత్ ఎప్పుడూ పుచ్చుకొనే వైపే లేదు. బంగ్లాదేశ్‌లో రష్యా కడుతున్న రూప్పూర్ కేంద్రం విషయంలో 2018 మార్చిలో మూడు దేశాలు అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. అక్కడ శిక్షణ, నిర్మాణ పనులలో భారత్ భాగస్వామి. అలాంటి సందర్భంలో ‘సహకారం’ కొంత నిజం.

4. శుద్ధి

అణు పరిభాషలో తెలుగు పాఠకునికి అందరికన్నా ఎక్కువ అన్యాయం చేసిన మాట ‘శుద్ధి’. ‘యురేనియం శుద్ధి ఆపాలని ఇరాన్‌పై ఒత్తిడి’ అనే తరహా శీర్షిక చదవని తెలుగు పాఠకుడు ఉండడు. ఇక్కడ శుద్ధి అంటే ఏమిటి?

ప్రకృతిలో దొరికే యురేనియంలో చీలడానికి అనువైన యురేనియం-235 సుమారు 0.7 శాతం మాత్రమే. మిగిలినది దాదాపు అంతా యురేనియం-238. రసాయనికంగా రెండూ యురేనియమే. ఒకటి మలినం, మరొకటి నిర్మలం అనడానికి వీలు లేదు. ఎలాంటి మలినమూ లేని, నూటికి నూరుపాళ్లు శుద్ధమైన సహజ యురేనియం తీసుకున్నా అందులో 235 వాటా 0.7 శాతమే ఉంటుంది. ఆ వాటాను పెంచడం వేరే పని. తారాపూర్ తొలి రియాక్టర్లకు అది 3 శాతం లోపు చాలు. 2015లో ఇరాన్‌తో కుదిరిన ఒప్పందం 3.67 శాతాన్ని హద్దుగా పెట్టింది. ఆయుధానికి 90 శాతం దాకా వెళతారు. కాబట్టి ప్రశ్న ఎప్పుడూ ‘ఎంత వాటా’ అన్నది. ‘శుద్ధి’ అనే మాటకు హెచ్చుతగ్గుల లెక్క లేదు. తెలుగులో ఇల్లు శుద్ధి అవుతుంది, మైల తీరి మనిషి శుద్ధి అవుతాడు, బియ్యం శుద్ధి అవుతాయి. శుద్ధి అంతటా మంచిపనే. ఒక దేశం తన యురేనియాన్ని శుభ్రం చేసుకుంటే మరో దేశానికి ఎందుకు కోపం అన్న అమాయకమైన ప్రశ్న తెలుగు పాఠకునికి కలిగితే తప్పు అతనిది కాదు.

ఈ పొరపాటులోని వ్యంగ్యం హైదరాబాదు చేరేసరికి పూర్తవుతుంది. 1971లో నెలకొల్పిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో నిజమైన యురేనియం శుద్ధి జరుగుతుంది. జార్ఖండ్‌లోని జాదుగూడ నుంచి వచ్చే ముడి సాంద్రాన్ని నత్రికామ్లంలో కరిగించి, ద్రావణితో యురేనియాన్ని వేరుచేసి, మలినాలు తొలగించి, ఆక్సైడుగా మార్చి, గుళికలుగా ఒత్తి, కొలిమిలో కాలుస్తారు. ఆ గుళికలను జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాలలో నింపుతారు. నిఘంటువు ప్రకారం శుద్ధి అనదగిన పని ఇదే. పత్రికలు శుద్ధి అని పిలిచే పని, అంటే 235 వాటా పెంచడం, అక్కడ జరగదు. తారాపూర్ కోసం ఆ పని విదేశంలో జరిగేది. వాటా పెంచిన యురేనియం హెక్సాఫ్లోరైడు రూపంలో హైదరాబాదుకు వచ్చి ఇంధన కడ్డీలుగా మారేది. అమెరికా కాంగ్రెస్‌లో తారాపూర్ ఇంధనం మీద ఓటింగు జరిగిన ప్రతిసారీ దాని ఫలితం ముందుగా తగిలే చోటు హైదరాబాదే. ఈ సంబంధాన్ని తెలుగు పాఠకుడు చూడలేకపోవడానికి ‘శుద్ధి’ కూడా ఒక కారణం. ఒకే మాట ఇక్కడి పనికీ అక్కడి పనికీ పేరైతే, మనం దేనికోసం పరాయి దేశం మీద ఆధారపడ్డామో చెప్పడానికి మాటే మిగలదు.

ఇంతటితో ఆగలేదు. వాడేసిన ఇంధనం నుంచి ప్లుటోనియాన్ని, మిగిలిన యురేనియాన్ని వేరుచేసే ప్రక్రియకు ‘పునఃశుద్ధి’ అని పేరు పెట్టారు. మొదటిది శుద్ధి కానప్పుడు రెండవది పునఃశుద్ధి ఎలా అవుతుంది? ఈ పేరు చూసిన పాఠకుడు మొదటి పనినే మరొకసారి చేస్తున్నారనుకుంటాడు. నిజానికి రెండూ వేర్వేరు కర్మాగారాలలో, వేర్వేరు సూత్రాలతో జరిగే పనులు. 1963 ఒప్పందంలో అసలు చిక్కు పడింది ఈ రెండవ పని మీదనే. తనిఖీ ఏర్పాట్లు సరిగా వర్తిస్తాయని ఇరుపక్షాలూ కలిసి నిర్ధారించిన తరువాతనే తారాపూర్ వాడిన ఇంధనం మీద భారత్ ఆ ప్రక్రియ జరపవచ్చు. ఆ ఉమ్మడి నిర్ధారణకు అమెరికా ముందుకు రాలేదు. వాడిన ఇంధనం తారాపూర్‌లోనే పేరుకుపోయింది. 2008 ఒప్పందం 6వ అధికరణం ఈ హక్కును సూత్రప్రాయంగా అంగీకరించి, ప్రత్యేక కేంద్రం కట్టాలని షరతు పెట్టింది. ఏర్పాట్ల వివరాల మీద 2010లో మరో ఒప్పందం అవసరమైంది. వాటా పెంచే పరిజ్ఞానం విషయంలో అంత మేరకైనా అంగీకారం లేదు. దానిని బదిలీ చేయాలంటే ఒప్పందాన్నే సవరించాలి. ఒక హక్కు దొరికింది, మరొకటి దొరకలేదు. తెలుగులో చెబితే ‘పునఃశుద్ధి దొరికింది, శుద్ధి దొరకలేదు’ అవుతుంది. ఆ వాక్యం నుంచి ఎవరు ఏమి గ్రహించగలరు?

దీనికి ప్రత్యామ్నాయం ఏమిటన్నది న్యాయమైన ప్రశ్న. ‘సుసంపన్న యురేనియం’ అర్థానికి దగ్గరే గాని పలకడానికి బరువు. ‘సాంద్రీకరణ’ పనికిరాదు, గని దగ్గర ముడిఖనిజాన్ని చిక్కబరచే పనికి ఆ మాట కావాలి. ‘వాటా పెంచిన యురేనియం’ అని తేట తెలుగులో రాస్తే అర్థమూ తెలుస్తుంది, ఎంత వాటా అన్న ప్రశ్నా పుడుతుంది. అదీ నచ్చకపోతే ‘ఎన్‌రిచ్‌మెంట్’, ‘రీప్రాసెసింగ్’ అని తెలుగు లిపిలో రాసి ఒకసారి వివరించడం మేలు. అర్థం తెలియని పరాయి మాట పాఠకుణ్ణి ఆపి అడిగిస్తుంది. అర్థం తెలిసినట్టు అనిపించే సంస్కృత పదం అతణ్ణి అడగనివ్వదు. ‘భారజలం’ వంటి చక్కని పదాన్ని కూర్చుకోగలిగిన భాషకు ఇది అసాధ్యం కాదు.

5. పౌర, శాంతియుత, భద్రత

2008 ఒప్పందాన్ని తెలుగులో ‘పౌర అణు ఒప్పందం’ అన్నారు. సైన్యానికి సంబంధించనిది అన్న అర్థంలో ఉన్న ఇంగ్లీషు విశేషణానికి ‘పౌర’ అనువాదం. తెలుగులో పౌర సరఫరాల శాఖ ఉంది, అది పౌరులకు బియ్యం సరఫరా చేస్తుంది. పౌరహక్కులు ఉన్నాయి, అవి పౌరులవి. పౌర అణు ఒప్పందంలో మాత్రం పౌరుడు ఎక్కడా లేడు. ‘సైనికేతర’ అన్న మాట అందుబాటులో ఉండగా ఈ అయోమయం అనవసరం. పైగా ‘సైనికేతర’ అంటే సైనికమైనది మరొకటి పక్కనే ఉందని కూడా తెలుస్తుంది. 2006లో భారత్ ప్రకటించిన విభజన ప్రణాళికలో 22 విద్యుత్ రియాక్టర్లకు 14 అంతర్జాతీయ తనిఖీ కిందికి వచ్చాయి. న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో కొన్ని విభాగాలు ఆ జాబితాలో చేరాయి, కొన్ని చేరలేదు. అంటే ఆ గీత హైదరాబాదులో ఒకే ప్రాంగణం గుండా పోయింది.

‘శాంతియుత’ కథ మరింత పాతది. కెనడాతో సైరస్ ఒప్పందం శాంతియుత ప్రయోజనాలకే అన్నది. 1974 పరీక్షను కూడా భారత్ ‘శాంతియుత అణు పేలుడు’ అన్నది. కెనడా ఒప్పుకోలేదు. ఇరువురూ వాడినది ఒకే మాట. తెలుగువాడు గ్రహాలకు శాంతి చేయించినప్పుడు కూడా అందులో గ్రహం ఉగ్రమైనదన్న ఒప్పుకోలు ఉంటుంది. ఒప్పందాల శాంతిలో ఆ మాత్రం ఒప్పుకోలు కూడా లేదు.

భద్రత సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ఇంగ్లీషులో మూడు వేర్వేరు మాటలున్న చోట తెలుగులో భద్రత, రక్షణ అన్న రెండు మాటలు ఒకదాని స్థానంలో మరొకటిగా తిరుగుతున్నాయి. ప్రమాదం జరగకుండా చూసుకోవడం ఒకటి. దొంగలు, దాడులు చేసేవారి నుంచి కాపాడుకోవడం మరొకటి. అణు పదార్థం ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఏమైనా పక్కదారి పట్టిందా అని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్క చూడడం ఇంకొకటి. ఈ మూడవ దానిని ‘రక్షణ ఏర్పాట్లు’, ‘భద్రతా ప్రమాణాలు’ అని రాయడం వల్ల, ఆ సంస్థ తనిఖీ కింద ఉన్న రియాక్టరు ప్రమాదరహితమైనదన్న భ్రమ కలుగుతుంది. ఆ తనిఖీ అధికారి గ్రాముల లెక్క చూస్తాడు. సముద్రపు ఉప్పెన వస్తే ఏం చేయాలన్నది అతని పని కాదు, దేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి పని. తెలుగులో ‘లెక్కల తనిఖీ’ అన్న మాట పంచాయతీ కార్యాలయానికి కూడా తెలుసు.

6. బాధ్యత, పూచీ

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ సముద్రతీరంలో ఉన్న మత్స్యకార గ్రామం. అక్కడ 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అమెరికన్ రియాక్టర్లు పెట్టాలన్నది ప్రతిపాదన. మొదట అనుకున్న కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్. 2016 జూన్‌లో విడుదలైన ఉభయదేశాల సంయుక్త ప్రకటన ఆంధ్రప్రదేశ్‌లో ఆరు వెస్టింగ్‌హౌస్ రియాక్టర్ల గురించి చెప్పి, ఏడాదిలో ఒడంబడిక కుదరాలని ఆశించింది. ఆ ఏడాది పూర్తికాకముందే, 2017 మార్చిలో వెస్టింగ్‌హౌస్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లింది. 2019 మార్చిలో రెండు ప్రభుత్వాలు ఆరు రియాక్టర్ల మాటను మళ్లీ ప్రకటించాయి. ఈ రియాక్టర్లు వాటా పెంచిన యురేనియంతో నడిచేవి. భారజలంతో సహజ యురేనియాన్ని మండించే దేశీయ రియాక్టర్లకూ వీటికీ తేడా అక్కడే ఉంది. తారాపూర్ ప్రశ్న కొవ్వాడకూ వర్తిస్తుంది.

చర్చలు ఇంతకాలం సాగడానికి చెప్పే ప్రధాన కారణాలలో 2010 నాటి చట్టం ఒకటి. అణు ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరు చెల్లించాలో ఆ చట్టం చెప్పింది. రియాక్టరు నడిపే సంస్థ మీద 1,500 కోట్ల రూపాయల పరిమితి విధించింది. అంతర్జాతీయ ఆనవాయితీకి భిన్నంగా, పరికరంలో లోపం ఉంటే సరఫరా చేసిన కంపెనీ నుంచి ఆ సొమ్ము రాబట్టుకొనే వీలు 17వ సెక్షన్‌లో కల్పించింది. 1984 నాటి భోపాల్ అనుభవం లేకపోతే పార్లమెంటులో ఆ వాక్యం నిలిచేది కాదు. విదేశీ కంపెనీల అభ్యంతరం కూడా ఆ వాక్యం మీదనే ఉండేది.

తెలుగులో దీనిని ‘అణు బాధ్యత చట్టం’ అన్నారు. బాధ్యత చాలా విశాలమైన మాట. తల్లిదండ్రులది బాధ్యత, ఉపాధ్యాయునిది బాధ్యత, ఓటు వేయడమూ బాధ్యతే. ప్రమాదం జరిగినప్పుడు మంత్రి ‘నైతిక బాధ్యత’ వహిస్తాడు, దానివల్ల ఎవరికీ ఒక్క రూపాయి రాదు. చట్టం మాట్లాడినది రూపాయల గురించి. చేసిన తప్పుతో నిమిత్తం లేకుండా, జరిగిన నష్టానికి ఇంత సొమ్ము చెల్లించవలసి రావడం గురించి. ఆ అర్థానికి తెలుగులో శతాబ్దాలుగా ఉన్న మాట ‘పూచీ’. ఒకరి అప్పుకు మరొకరు పూచీ పడితే, మొదటివాడు ఎగవేసినప్పుడు రెండవవాడి ఇంటికి వస్తారు. ‘నేను పూచీ కాదు’ అన్న వాక్యానికి రెండో అర్థం లేదు. సరఫరాదారు ‘బాధ్యత’ వహిస్తాడా అని అడిగితే ‘మా కంపెనీ ఎంతో బాధ్యతాయుతమైనది’ అని జవాబు ఇవ్వవచ్చు. సరఫరాదారు పూచీ పడతాడా అని అడిగితే అవుననో కాదనో చెప్పాలి.

తెలుగు పరిశోధకులు ఈ మాటను న్యాయపరిభాషలో తిరిగి నిలబెట్టడానికి అడ్డేమీ లేదు. ‘అణు నష్ట పూచీ చట్టం’ అన్న పేరులో కొరుకుడుపడని అక్షరం ఒక్కటీ లేదు. రణస్థలం మండలంలో సహకార సంఘం నుంచి పంట రుణం తీసుకొనే రైతు అలాంటి కాగితం మీద సంతకం చేసే ఉంటాడు. అతని పక్కన నిలబడి సంతకం చేసిన హామీదారునికి కూడా ఆ మాటకు ఎంత విలువ ఉందో, రూపాయలలో సహా, తెలుసు.